కుడిచేతి చక్కెర

కోసిగి బస్టాండు వీధిలో నా జిరాక్స్ షాపుకూ ముబీనా మందుల షాపుకూ మధ్య ఒకటే గోడ. అది కూడా రేకుల దాకా లేదు, పైన మూరెడు సందు. ఆ షాపులో ఎవరు ఏ మాత్ర అడిగినా ఇక్కడ నాకు వినిపిస్తుంది. వినాలని వినను గానీ, చెవులు మూసుకుని ఆధార్ కార్డులు జిరాక్స్ తీసే విద్య నాకు రాదు. నా పేరు మహాదేవి. ముక్కు మీద కోపం అంటారు ఊళ్లో. ఒక కాగితానికి బదులు ఇంకో కాగితం తెచ్చి, పైగా తప్పు మిషన్‌దే అనే జనంతో పదిహేనేళ్లు వేగితే ఎవరికైనా ఉంటుంది. సరే, ఇది నా సంగతి కాదు, ముబీనా సంగతి.

ముబీనా పుట్టింది ఆదోనిలో. కర్నూలులో ఫార్మసీ చదివి, రెహమాన్‌ను పెళ్లి చేసుకుని ఇక్కడికి వచ్చింది. అతను బడి వ్యాను నడుపుతాడు. ఎనిమిదేళ్ల కిందట ఆమె షాపు తెరిచినప్పుడు, వచ్చినవాళ్లు లోపలికి తొంగిచూసి, మందులిచ్చే మగమనిషి లేడా అని అడిగేవాళ్లు. నేనే ఇస్తా చెప్పండి అని ఆమె నవ్వేది. ఇచ్చేది కూడా. ఇచ్చి ఊరుకుంటుందా అంటే, అదీ లేదు.

వేరే షాపుల్లో నొప్పుల మాత్ర అడిగితే నొప్పుల మాత్ర ఇస్తారు. ముబీనా ఆ మాత్రను చేతిలో పట్టుకుని ప్రశ్నలు మొదలుపెడుతుంది. గజ్జి మందు ఇది మూడో ట్యూబు గదన్నా, మొదటి రెండూ ఏం చేసినాయి? దాహం ఎక్కువైందా? పడుకున్నాక ఎన్నిసార్లు లేస్తాండావు? ఒళ్లు తగ్గిందని రవికలు బిగించి కుట్టించుకుంటాండావా? పోలీసు స్టేషన్‌లో కూడా ఇన్ని అడగరని ఒకాయన విసుక్కుంటూ మాత్ర లాక్కుని పోయాడు. నాకూ విసుగే. కందకు లేని దురద కత్తిపీటకెందుకే అని గోడ మీదుగా అరిచేదాన్ని. మనిషి ఏ మందు కొంటున్నాడన్నది కాదక్కా, అదే మందు ఎన్నోసారి కొంటున్నాడన్నది చూడాలి అని అటు నుంచి జవాబు వచ్చేది.

బజ్జీల బండి అల్లా బాషా సంగతి చెబితే మీకు ఆమె తీరు అర్థమవుతుంది. ఆయన ఒకే ఏడాదిలో మూడు జతల కళ్లద్దాలు మార్చాడు. తలనొప్పి మాత్ర కోసం వచ్చి, అద్దాలమ్మినవాణ్ని తిడుతుంటే ముబీనా చెవి రిక్కించింది. షుగరు చూసే చిన్న మిషన్ తీసి ఆయన వేలు గుచ్చింది. 340 చూపించింది. నేను డాక్టరును కాను, నీకు ఫలానా జబ్బని చెప్పే పని నాది కాదు, రేపే సర్కారు ఆస్పత్రికి పో అని చీటీ రాసిచ్చింది. రెండు నెలలు మాత్రలు మింగాక ఆయన మళ్లీ వచ్చి ఇంకో గొడవ పెట్టుకున్నాడు. ఇప్పుడు కొత్త అద్దాలు పనికిరావడం లేదట, మొదటి అద్దాల్లోనే బాగా కనబడుతోందట. ఒంట్లో షుగరు ఎక్కువైతే కంటిచూపు అటూ ఇటూ మారుతుందని నాకు అప్పుడే తెలిసింది.

అప్పటి నుంచి ముబీనాకు ఒకటే పట్టుకుంది. తమకు షుగరుందని తెలియకుండా ఈ ఊళ్లో ఎంతమంది తిరుగుతున్నారు? తెలుసుకునే దారి లేదు. అడిగితే జనం నవ్వుతారు. జొన్నరొట్టె తిని ఎండలో గడ్డపార పట్టే ఒంటికి షుగరెందుకొస్తుంది, అది కుర్చీలో కూర్చునేవాళ్ల జబ్బు అంటారు. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనేదాన్ని.

మా వైపు వానలు ముఖం చాటేస్తే జనం సుగ్గికి పోతారు. అంటే గుంటూరు వైపు మిరప కోతలకు, మూడు నెలలు, తట్టా బుట్టా లారీలో వేసుకుని. మొగుడూ పెళ్లాం జతగా పోతారు. కూలీలను కుదిర్చి తీసుకుపోయే మేస్త్రీ మాట్లాడుకునేది జతలనే, ఒంటి మనుషులను కాదు. పోయే ముందు ముబీనా దగ్గరికి వచ్చి మూడు నెలలకు సరిపడా నొప్పుల మాత్రలు, పుండ్ల మందు మూటగట్టుకుంటారు. ఆ చేలల్లో ఎవరికి ఏమైనా అడిగే దిక్కుండదు. వాళ్లు పోకముందే ఒక్కసారి వేలు గుచ్చి చూడాలని ముబీనా ఆరాటం. అందరూ ఒకచోట ఎట్ల దొరుకుతారక్కా అని నన్ను అడిగింది. దర్గా ఉరుసు రోజు పెట్టు అన్నాను. ఆ దిక్కుమాలిన సలహా నాదే.

ఊరి బయట చిన్న దర్గా ఉంది. ఉరుసుకు ఆ కులం ఈ కులం అని లేకుండా వస్తారు. సుగ్గికి పోయేవాళ్లు క్షేమంగా తిరిగి రావాలని చక్కెర చదివింపు చేయిస్తారు. దర్గా చూసుకునే ముజావరు ఫాతిహా చదివి ఇచ్చిన ఆ చక్కెరను ఇంట్లోవాళ్లకూ, దోవలో ఎదురైనవాళ్లకూ తలా కాస్త చేతిలో పెడతారు. దర్గా దోవ మా షాపుల ముందు నుంచే. నేను పసుపు కాగితాల మీద 'షుగరు పరీక్ష ఉచితం' అని వంద జిరాక్స్‌లు తీసి పంచాను.

ఆ వారం మాకు కుళాయి రాలేదు. మామూలుగానే నాలుగు రోజులకోసారి వచ్చే నీళ్లు, ఆ వారం అవీ లేవు. ఉన్న రెండు బిందెలు వంటకు దాచుకునే ఊళ్లో, పరీక్షకొచ్చిన ప్రతివాడి చేతులూ కడిగేదెవరు? ముబీనా స్పిరిట్ దూదితో వేలు తుడిచి, సూది గుచ్చి, నెత్తురు చుక్కను పట్టీకి తాకించి మిషన్ చూసేది. షాపులో ఎప్పుడూ అలాగే చేసింది, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

పొద్దున పదింటికి బల్ల వేశాం. మొదటి మనిషికి 260. రెండో మనిషికి 190. మూడో మనిషికి 318. అన్నం తిన్న తర్వాత కూడా నూట నలభై దాటకూడదని ముబీనా నాకు ముందే చెప్పింది. నేను పేర్లు రాస్తున్నాను. రెండు వందలు దాటినవాళ్లను ఆమె పక్కన కూర్చోబెడుతోంది. మధ్యాహ్నానికి నలభై ఆరు మంది వస్తే, ముప్పై ఒక్కరు పక్కనే కూర్చున్నారు. ఇద్దరు ఆడవాళ్లు అప్పటికే శోకాలు మొదలుపెట్టారు.

ఆ ముప్పై ఒక్కరిలో గాబ్రియేలు ఒకడు. చర్చి వీధి మనిషి, నలభై దాటలేదు. భార్య కృపమణితో ఏటా సుగ్గికి పోతాడు. అతను పరీక్షకని రాలేదు, కాలి పుండుకు మందు కావాలని వచ్చాడు. ముల్లు గుచ్చుకుని నెల దాటిందట, మానడం లేదట, నొప్పి మాత్రం లేదట. నొప్పి లేకపోతే మంచిదే కదా అన్నాను. ముబీనా నన్నొక చూపు చూసి అతని చెయ్యి పట్టుకుంది. 386. అతనికి ఏదో చెప్పబోయేలోపు గలాటా లేచింది. లేపింది నేనే.

ఇంతమందికి షుగరుంటే నాకెంతుందో చూడమన్నాను. పోయిన వారమే చూసింది, నాకు నూట రెండు. ఇప్పుడు కుడిచేతి వేలికి 342. ఒళ్లు మండిపోయింది. ఏడు రోజుల్లో ఇంత ఎట్ల పెరిగిందే, నీ మిషన్‌ను తీసుకుపోయి తుంగభద్రలో పారేయమని వీధంతా వినబడేలా అరిచాను. ఇంకొకరైతే అలిగి బల్ల ఎత్తేసేవాళ్లు. ముబీనా కళ్లు మాత్రం చిన్నవయ్యాయి, ఏదో వెతుకుతున్నట్టు. ఎడమ చెయ్యి ఇయ్యక్కా అంది. ఎడమచేతి వేలికి 104.

ఒకే మనిషిలో రెండు రకాల నెత్తురా? ముబీనా నా కుడిచెయ్యి తిప్పి తిప్పి చూసింది. పొద్దున్నుంచి ఈ చేత్తో ఏమేం పట్టుకున్నావని అడిగింది. ఏముంది, దోవన పోయే ప్రతివాళ్లూ పెట్టిన చదివింపు చక్కెర. దాన్ని కుడిచేత్తోనే తీసుకుంటాం, ఎడమ చెయ్యి చాపం. వేలికి అంటిన ఆ పొడి దూదికి పోలేదు, నెత్తురు చుక్కలో కలిసింది. ముబీనా షాపు వెనక ఇంట్లోకి పోయి వంటకు దాచిన బిందె తెచ్చి, సబ్బు పెట్టి నా చెయ్యి కడిగి మళ్లీ గుచ్చింది. 106.

ఇక చూడండి. శోకాలు పెట్టినవాళ్లే పడీ పడీ నవ్వారు. కూర్చున్నవాళ్లు లేచి దులుపుకుని పోయారు, మళ్లీ చూస్తా ఆగండని ముబీనా బతిమాలినా ఆగలేదు. సాయంత్రానికి ఊళ్లో అదే మాట. ముబీనా ఊరందరికీ షుగరంటించిందట, పక్క షాపామె అరిచాక వదిలించిందట. షాపు ముందు నుంచి పోతూ, ఒక మాత్రియ్యి, చక్కెర లేనిది అని వెక్కిరించేవాళ్లు. ఎనిమిదేళ్లుగా సంపాదించుకున్న నమ్మకం ఒక్క పూటలో పోయిందని ఆమె కూర్చుని ఏడ్చింది. గోడకు ఇటువైపు నేనూ ఏడ్చాను. ఉరుసు రోజు పెట్టమన్న నోరు నాదే, వీధిలో అరిచిన నోరూ నాదే.

మర్నాడు ఆమె నేను రాసిన పేర్ల కాగితం, సబ్బు, రెండు సీసాల నీళ్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. మాటలు పడింది, చేతులు కడిగింది, వేళ్లు గుచ్చింది. రెండు రోజుల్లో ముప్పై మంది అయ్యారు. ఇరవై ఎనిమిది మందికి మామూలుకు దిగిపోయింది. ఇద్దరికి దిగలేదు, వాళ్లను ఆస్పత్రికి పంపింది. మిగిలింది గాబ్రియేలు. ఎప్పుడు పోయినా ఇంటికి తాళం. పిల్లలను హాస్టల్లో దింపడానికి మొగుడూ పెళ్లాం పోయారని పక్కవాళ్లు చెప్పారు.

అంతమందికి దిగిపోయింది, అతనికీ దిగే ఉంటుందిలే, ఇక ఆ కాగితం చించెయ్ అన్నాను. ముబీనా దాన్ని మడిచి దాచుకుంది. మూడో రోజు పొద్దున షాపు తెరిచి, ఏదో గుర్తొచ్చినట్టు నా దగ్గరికి వచ్చింది. ఉరుసు పొద్దు గాబ్రియేలు దర్గాకు పోయినాడా అని అడిగింది. చర్చి వీధివాళ్లు దర్గాకెందుకు పోతారే అన్నాను. ఎవరైనా దోవలో చక్కెర చేతిలో పెట్టి ఉంటారా అని అడిగింది. పెట్టినా తీసుకోరు, ఇంకో దేవుడికి పెట్టింది వాళ్లు ముట్టరు. రెండేళ్ల కిందట మా ఇంటి పూజ లడ్డు ఇస్తే కృపమణి వద్దందని నేను నెల రోజులు మాట్లాడటం మానేసిన మనిషిని, నాకు తెలియదా?

"అయితే ఆయప్ప చేతికి చక్కెర యాడిదక్కా?" అంది ముబీనా.

 అంతమంది లెక్క తప్పయినా, ఆ 386 నిజం. ఆ నెల రోజుల పుండు నిజం. నొప్పి లేకపోవడం మంచిది కాదు, షుగరుతో కాలు మొద్దుబారిందన్నమాట. చర్చి వీధి లారీ ఆ పొద్దే బయలుదేరుతోంది. అది పోతే గాబ్రియేలు మూడు నెలల దాకా కంటికి కనబడడు. ఇద్దరం షట్టర్లు దించి నా స్కూటీ ఎక్కాం.

లారీ చర్చి మలుపులో నిలబడి ఉంది. మూటల మధ్య పన్నెండు జతలు సర్దుకుని కూర్చున్నాయి. గాబ్రియేలు కింద నిలబడి తాడు బిగిస్తున్నాడు. ముబీనా అతన్ని పక్కకు పిలిచి మెల్లగా చెప్పింది. అతను నవ్వాడు. వింటున్న లారీ అంతా నవ్వింది. మీ మిషన్ కథ మాకూ తెలుసులేమ్మా అని పైనుంచి ఎవరో అన్నారు. వాళ్ల చేతులకు చక్కెర ఉంది గనక తప్పొచ్చింది, నువ్వు ముట్టలేదు గదన్నా, నీది తప్పెట్లవుతుంది అంది ముబీనా. గాబ్రియేలు నవ్వు ఆగిపోయింది. లారీ వైపు ఒకసారి, నేల వైపు ఒకసారి చూశాడు.

"నేనూ తింటి మేడమ్. ఆ పొద్దు దర్గా చక్కెర నేనూ తింటి" అన్నాడు.

లారీలోవాళ్లు తలలు తిప్పి అతన్ని చూశారు. అందరూ ఒకే చర్చివాళ్లు. ఆదివారం ఆరాధనలో ముందు వరసలో కూర్చుని తప్పెట కొట్టే మనిషి అతను. ఊరంతా తనను భ్రష్టుడనుకున్నా పరవాలేదు, లారీ ఎక్కితే చాలనుకున్నాడు. అబద్ధమని నాకు తెలుసు, అక్కడున్న ప్రతివాళ్లకీ తెలుసు. అరవబోయాను. ముబీనా నా చెయ్యి నొక్కింది. తిన్నావు సరేన్నా, ఈ పొద్దయితే తినలేదు గదా, కడిగి చూద్దాం, తక్కువొస్తే నేనే పొమ్మంటా అంది. ఆ మాటకు అతను తాడు వదిలాడు. సీసాలో నీళ్లతో, సబ్బుతో రెండు చేతులూ ఆమే కడిగింది. ఎడమచేతికి 412. కుడిచేతికి 409.

చెప్పు విప్పమంది. కాలు చూసి నేను ముఖం తిప్పుకున్నాను. బొటనవేలి పక్క వేలు నల్లబడింది. అరికాల్లో తుమ్మముల్లు విరిగి ఇంకా అలాగే ఉంది. దాని మీదే నెల రోజులు నడిచాడు, తెలియలేదు. జబ్బు పేరు డాక్టరు చెప్పాలి, నేను చెప్పను, కానీ ఈ కాలితో మూడు నెలలు మిరప చేలో తిరిగితే కాలుండదన్నా అంది ముబీనా. మేస్త్రీ లారీ దిగొచ్చాడు. జత ఇరిగితే రైతుకు నేనేం చెప్పుకోవాలప్పా అని గాబ్రియేలు మీద లేచాడు. వచ్చినాక చూపించుకుంటాలే మేడమ్ అని గాబ్రియేలు ఆ కాలినే లారీ మెట్టు మీద పెట్టాడు.

అప్పటిదాకా తలెత్తని కృపమణి లారీ లోపలి నుంచి వచ్చి, అంచున నిలబడి తమ మూటను కిందికి తోసింది. ఆ వెనకే దిగింది.

"నాకు ముందే తెలుసు మేడమ్" అంది. "రెండు నెల్ల నుంచి పెరట్లో ఈయప్ప ఉచ్చ పోసిన తావున చక్కెరకు పట్టినట్ల చీమలు పడ్తాండాయి. మాయమ్మకూ ఇట్లే పడె, కాలు తీసిరి, సచ్చిపాయ. చెప్తే ఈయప్ప నిలిచిపోతాడు, జత ఇరుగుతాది, పిల్లోళ్లకు కూడెట్ల అని నోరు మూసుకుంటి."

గాబ్రియేలు మెట్టు మీది కాలు దించాడు. 

"నాకూ తెలుసులే" అన్నాడు. "నువ్వు చూస్తే పోనియ్యవని దినామూ మన్ను కప్పుతాంటి."

"కప్పేది గూడా చూస్తాంటి" అంది కృపమణి.

నా కోపం ఏమైందో తెలియదు, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డాను. ఒకే ఇంట్లో ఇద్దరు మనుషులు ఒకే చావును చూసి, ఒకరికొకరు తెలియనట్టు రెండు నెలలు అన్నం తిన్నారు. ఆ పూటే వాళ్లను ఆదోని తీసుకుపోయాం. ఆ వేలు తీసేశారు, పాదం నిలిచింది. ఇంకో పది రోజులైతే మోకాలి దాకా పోయేదని డాక్టరు చెప్పాడు. ఆ ఏడు సుగ్గి లేక వాళ్లు పడిన ఇబ్బంది పడ్డారు, దానికి నా దగ్గర మందు లేదు, ముబీనా దగ్గరా లేదు.

కానీ ఆదోని ఆటో వచ్చే లోపల అక్కడ ఇంకొకటి జరిగింది. మేమందరం గాబ్రియేలును, కృపమణిని చూస్తుంటే ముబీనా మాత్రం లారీని చూస్తోంది. బజ్జీల బాషా అద్దాల సంగతి విన్న రోజు చూసిన చూపే అది. పట్టీల డబ్బా చేతిలో పట్టుకుని లారీ దగ్గరికి పోయింది.

"మీలో ఇంకెవరైనా చీమలు చూసినారా?" అని అడిగింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మొదట జీవిత అని, పోయిన ఏడే పెళ్లయిన పిల్ల, పక్కనున్న మొగుడి చెయ్యి పట్టుకుని లేపి కిందికి దించింది. వాళ్ల వెనక ప్రేమజ్యోతి దిగింది, ఒంటరిగా, మొగుడు పైనుంచి ఆశ్చర్యంగా చూస్తుండగా. ముబీనా సబ్బు, నీళ్లు తీసుకుంది. వాళ్ల చేతులు కడగడం అయ్యేదాకా మేస్త్రీ ఒక పక్కన నిలబడి చూశాడు, తర్వాత చొక్కా చేతులు పైకి మడుచుకుని వచ్చి తనూ వరసలో నిలబడ్డాడు.